థ్రాబింగ్ గ్రిసిల్ ‘డి.ఓ.ఎ.’ కొత్త ముద్రణ: లోపం రికార్డులోనా, ప్లేయర్‌లోనా?

అరుగుమీద_రేడియో:
అందరికీ నమస్కారం. థ్రాబింగ్ గ్రిసిల్ బృందం 1978లో చేసిన ‘డి.ఓ.ఎ.: ద థర్డ్ అండ్ ఫైనల్ రిపోర్ట్’ ఆల్బంను మ్యూట్ సంస్థ 2018లో మళ్లీ విడుదల చేసింది కదా, ఆ ఎల్‌పీని లండన్ నుంచి మా తమ్ముడు తెచ్చాడు. ఆదివారం తిరుగు ప్రయాణం. లోపం ఉన్న రికార్డయితే అతని చేతికే ఇచ్చి మార్పించాలి, అందుకే ఈ తొందర.

నా అనుమానాలు చెబుతాను. మొదటిదైన ‘ఐ.బి.ఎం.’లో పాత ఇంటర్నెట్ మోడెం కూసినట్టు కీచుమోత తప్ప పాట జాడే లేదు. మూడోది ‘యునైటెడ్’ మొదలైందో లేదో అయిపోయింది, సూది ఎగిరి అవతల పడిందేమో అనిపించింది. రెండో వైపు ‘హాంబర్గర్ లేడీ’లో గొంతు వణుకుతూ, మాట తెలియకుండా ఉంది. ఆ పాటకే కాస్త శబ్దం పెంచితే గదంతా హోరెత్తుతోంది. ఆ వైపంతా చిటచిట కూడా ఉంది. ఇదే ప్లేయర్‌లో ఇళయరాజా రికార్డులు చక్కగా పలుకుతాయి. బెల్టుతో తిరిగే మామూలు ప్లేయరు, స్పీకర్లు రెండూ అదే బల్ల మీద ఉంటాయి. ఈ బృందం నాకు పూర్తిగా కొత్త.

33_చుట్లు:
‘యునైటెడ్’ గురించి నిశ్చింతగా ఉండండి. ఆ ఆల్బంలో దాని నిడివి 16 సెకన్లే. అంతకు కొన్ని నెలల ముందు అదే పాటను విడి రికార్డుగా వేశారు, అందులో దాదాపు నాలుగు నిమిషాలు ఉంటుంది, హాయిగా పాడుకోదగ్గ ప్రేమపాట. జనం కొనుక్కున్న పాటనే మళ్లీ ఆల్బంలో పెట్టడం ఇష్టంలేక, మొత్తం పాటను పదిహేను రెట్ల వేగంతో పరుగెత్తించి అక్కడ ఇరికించారని నా ఊహ. కారణం ఏదైనా, మీ సూది ఎక్కడికీ ఎగరలేదు. అసలు పాట వినాలంటే 1981 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’ సంకలనంలో ఉంది.

‘ఐ.బి.ఎం.’ కూడా అంతే. అది కంప్యూటర్ సమాచారం నింపిన క్యాసెట్టును టేపు రికార్డర్‌లో మోగిస్తే వచ్చే కూత. మీ చెవి మోడెంను గుర్తుపట్టింది, సరిగ్గానే పట్టింది.

అరుగుమీద_రేడియో:
ధన్యవాదాలండీ. ఆ 16 సెకన్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి పదిహేను రెట్లు నెమ్మదిగా నడిపితే అసలు పాట తిరిగి రాదా?

33_చుట్లు:
వస్తుంది, కానీ దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. వేగం పదిహేను రెట్లు పెరిగితే ప్రతి స్వరం పౌనఃపున్యమూ పదిహేను రెట్లు పెరుగుతుంది. 1,300 హెర్ట్జ్‌కు పైనున్నదంతా 20,000 దాటిపోయి, మనిషి చెవికే కాదు, మామూలు డిజిటల్ రికార్డింగుకు కూడా అందదు. మిగిలిన మంద్రస్వరాలే మీకు తిరిగి దక్కేవి. సరదాకు ఒకసారి చేసి చూడవచ్చు.

సూదిమొన:
మిగతా మూడింటిని విడదీసి చూద్దాం. ఈ ఆల్బంలో వినడానికి బాగుందా లేదా అన్న కొలబద్ద పనికిరాదు, ఎందుకంటే పాడైనట్టు వినబడటమే వీళ్లకు కావలసింది. చూడవలసింది ఒకటే: ఆ శబ్దం రికార్డుతోపాటు తిరుగుతోందా, లేదా?

నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. గీత గానీ, మచ్చ గానీ, అచ్చులో పడిన పొక్కు గానీ ఉంటే ఆ ‘టక్’ చుట్టుకొకసారి వస్తుంది. ఫోనులో గడియారం పెట్టుకుని పది ‘టక్’ల మధ్య కాలం కొలవండి. ఒకదాన్నుంచి పదోదాకా 16 సెకన్ల దగ్గర తేలితే అది రికార్డు మీది లోపం. రంధ్రం నడిమధ్యలో లేకపోతే ఇదే లెక్కన స్వరం ఎక్కి దిగుతుంది. అప్పుడు తిరిగే రికార్డుకు పైనుంచి సూది చేతిని చూడండి, అది పక్కలకు ఊగుతూ ఉంటుంది. మీరు చెప్పిన గొంతు వణుకు ఇలా ఊగితేనే అనుమానించండి. లేకపోతే అది యంత్రం గుండా పంపించిన గొంతే.

చిటచిటకు ఇంకొక దారి ఉంది. సూది దించగానే పాట మొదలయ్యే ముందు కొన్ని సెకన్ల ఖాళీ గాడి ఉంటుంది. పాట పాటకూ నడుమ కూడా కొంత. అక్కడ బృందం చేసిన శబ్దమేదీ లేదు కనుక, వినబడేదంతా దుమ్మో రికార్డో ప్లేయరో చేసినదే. అక్కడ నిశ్శబ్దంగా ఉండి పాట లోపలే చిటచిటలాడితే, అధికారికంగా దొరికే డిజిటల్ ప్రతిలో అదే చోటు విని పోల్చుకోండి. అక్కడా ఉంటే అది మూలంలోనే ఉన్నట్టు. వీళ్ల రికార్డింగుల్లో చాలా భాగం సాధారణ క్యాసెట్ల మీద నడిచింది. క్రిస్ కార్టర్ 2011లో ఈ ఆల్బంలను మళ్లీ శుభ్రపరిచినప్పుడు కూడా ఆ టేపు బుసను తుడిచేయలేదు. తుడిచి ఉంటే నేనే తిట్టుకునేవాణ్ణి.

ఇక హోరు. సూది పైకెత్తినా వినబడితే అది కరెంటుది, ప్లేయర్ వెనక ఎర్త్ తీగ బిగించారా, ప్లగ్గులో ఎర్త్ ఉందా చూడండి. పైకెత్తితే ఆగిపోయి, సూది రికార్డు మీద ఉన్నప్పుడే పెరుగుతూ పోతే, దానికి కారణం బల్ల. స్పీకర్ల అదురు బల్లలోంచి సూదికి ఎక్కుతుంది, సూది దాన్ని మళ్లీ స్పీకర్లకే పంపుతుంది. ‘హాంబర్గర్ లేడీ’లో అడుగున సాగే ఆ మంద్రమైన రొద దీనికి మంచి మేత. ఇళయరాజా బాణీల్లో బాస్ కదులుతూ ఉంటుంది కాబట్టి అంతగా పట్టుకోదు. రికార్డు తిప్పకుండా సూది మాత్రం ఆనించి, శబ్దం కొద్దికొద్దిగా పెంచుతూ బల్లను వేలితో తట్టండి. ‘ధన్’మని స్పీకర్లలో మోగితే విషయం తేలినట్టే.

వీణాభిమాని:
నిజంగా అడుగుతున్నాను, కోపగించుకోకండి. చెడిపోయిందో లేదో గడియారం పెట్టి తేల్చుకోవలసిన దాన్ని సంగీతమని ఎలా అంటున్నారు?

మాగ్నెటిక్_టేపు:
అనవద్దని వాళ్లే అన్నట్టు అనుకోండి. ఈ బృందంలోని నలుగురిలో సంగీతం నేర్చుకుని వచ్చినవాళ్లు లేరు. జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోజీ ఫాని టుట్టి హల్ నగరంలో ‘కూమ్ ట్రాన్స్‌మిషన్స్’ అనే ప్రదర్శన బృందం నడిపినవాళ్లు. పీటర్ క్రిస్టఫర్సన్ రికార్డుల అట్టలు రూపొందించే హిప్నోసిస్ సంస్థలో పనిచేశాడు. క్రిస్ కార్టర్‌కు ఎలక్ట్రానిక్స్ పిచ్చి. ఒక పత్రికలో వచ్చిన సర్క్యూట్‌ను మార్చి ‘గ్రిసిలైజర్’ అనే పెట్టె తయారుచేశాడు, గిటార్‌నైనా గొంతునైనా అందులోంచి పంపితే మీరు విన్న ఆ వణుకు లాంటివి పుడతాయి. క్రిస్టఫర్సన్ కోసం మీట నొక్కితే క్యాసెట్లు మోగే యంత్రం కూడా కట్టిచ్చాడు. రికార్డు చేసిన శబ్దాలను మీటలతో మోగించే శాంప్లర్లు అంగళ్లలోకి రాకముందు మాట ఇది.

1976లో లండన్‌లోని ఐసీఏ అనే కళాసంస్థలో వీళ్లు పెట్టిన ప్రదర్శన చూసి నికొలస్ ఫెయిర్‌బర్న్ అనే పార్లమెంటు సభ్యుడు ‘నాగరికతను కూల్చేవాళ్లు’ అన్నాడు. అదే ఏడాది ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకున్నారు. ఈ సంగీతశాఖకు ‘ఇండస్ట్రియల్’ అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. లండన్‌లోని హాక్నీలో పాత ఫ్యాక్టరీ అడుగు అంతస్తులో స్టూడియో, దానికి పెట్టుకున్న పేరు ‘డెత్ ఫ్యాక్టరీ’. వీణ గారూ, మీకు నచ్చాలని నేననను. ఈ ఆల్బంలోనే ‘ఏబీ/7ఏ’ వినండి, కార్టర్ ఒక్కడే చేసిన ముక్క, శుద్ధమైన సింథసైజర్ లయ. ‘వీపింగ్’ పి-ఆరిడ్జ్‌ది, ‘హోమ్‌టైమ్’ కోజీది, ‘వ్యాలీ ఆఫ్ ద షాడో ఆఫ్ డెత్’ క్రిస్టఫర్సన్‌ది. నలుగురికీ తలా ఒకటి విడిగా ఉండటం వల్ల పాట పాటకూ రికార్డు మారినట్టు ఉంటుంది. అడిగినవారి అనుమానాల్లో సగం దీనివల్లనే పుట్టి ఉంటాయి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక హెచ్చరిక. రెండో వైపు ‘డెత్ థ్రెట్స్’ అనేది బృందం ఫోనులో ఎవరో వదిలిన నిజమైన చంపుతామన్న బెదిరింపులు, బూతులతో సహా. ‘హాంబర్గర్ లేడీ’ మాటలు ఒళ్లు కాలిన రోగిని గురించి వచ్చిన ఒక ఉత్తరంలోంచి తీసుకున్నవి. హెడ్‌ఫోన్లు వాడండి, లేదా పిల్లలు బడికి వెళ్లాక పెట్టండి.

అరుగుమీద_రేడియో:
అన్నీ చేసి చూశాను. స్పీకర్లు దించి విడిగా స్టూళ్ల మీద పెట్టగానే హోరు పోయింది. సూది చేయి ఊగడం లేదు. చిటచిట మాత్రం ఖాళీ గాడిలో కూడా ఉంది, కానీ ఒకే ఎడంతో రావడం లేదు, ఎలాపడితే అలా. కుళాయి నీళ్లతో కడగవచ్చా?

సూదిమొన:
ఎడం లేకుండా వస్తోందంటే దుమ్మో, స్థిర విద్యుత్తో. కొత్త రికార్డులు కాగితపు కవర్లోంచి బయటికి వస్తూనే రెండింటినీ వెంటేసుకుని వస్తాయి. కుళాయి నీళ్లు వద్దు, బోరు నీళ్లు అసలే వద్దు, ఆరాక ఉప్పు గాళ్లలో మిగిలిపోతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను తడిపి గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. మధ్యలోని కాగితం తడవకూడదు. నిలబెట్టి ఆరనిచ్చాక కార్బన్ ఫైబర్ బ్రష్‌తో ఒకసారి. సూది మొనకు అంటిన నూగు కూడా తీయండి, వెనకనుంచి ముందుకు మాత్రమే. సూది రికార్డు మీద మోపే బరువు తయారీదారు చెప్పినంత ఉందా అన్నది కూడా చూసుకోండి, ఇటువంటి ప్లేయర్లలో చాలావాటికి 2 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. తక్కువ బరువు పెడితే రికార్డుకు మేలనుకుంటారు చాలామంది. గాడిలో కుదురుగా కూర్చోని సూదే ఎక్కువ గీస్తుంది.

అరుగుమీద_రేడియో:
తుడిచాక రెండో వైపు దాదాపు శుభ్రంగా ఉంది. సూది బరువు ఒకటిన్నర గ్రాము దగ్గర ఉంటే రెండుకు పెంచాను. రికార్డు వెనక్కి పంపడం లేదు. ఈసారి తమ్ముడు వచ్చేటప్పుడు వీళ్లదే ‘20 జాజ్ ఫంక్ గ్రేట్స్’ తెమ్మందామనుకుంటున్నాను. కొనేముందు చూసుకోవలసినది ఏమైనా ఉందా?

33_చుట్లు:
1979 నాటి అసలు ఎల్‌పీలో ఉన్నవి 11 పాటలు. తొమ్మిది తగ్గాయని ఇక్కడ మళ్లీ అడగవద్దు. జాజ్ ఫంక్ కూడా వెతకకండి. సీడీ ముద్రణల్లో ‘డిసిప్లిన్’ అనే పాట ప్రత్యక్ష ప్రదర్శనలు అదనంగా చేర్చారు, అవి కావాలంటే సీడీ తెప్పించుకోండి. ‘హాట్ ఆన్ ద హీల్స్ ఆఫ్ లవ్’ మాత్రం స్పీకర్లలోనే పెట్టవచ్చు, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.