ఫూల్‌బాగ్ తోట బాటలు తిన్ననివా, వంపులవా?

మా విజయనగరం ఫూల్‌బాగ్‌కు పేరులోనే పూలతోట ఉంది. ఆ పాత తోట రూపాన్ని పటంగా గీసి మా వీధి పిల్లలకు చూపించాలని ప్రయత్నిస్తున్నాను. గత రెండు ఆదివారాలు ఉదయం 6 నుంచి 8 వరకు వీధులన్నీ తిరిగి, ఫోను దిక్సూచితో దిశలు రాసుకున్నాను. ఉపగ్రహ చిత్రాలూ చూశాను. ఇళ్లు, సిమెంటు రోడ్లు తప్ప పాత గీత ఒక్కటీ కనిపించలేదు. గ్రంథాలయంలో 1713 నాటి కోట గురించి చాలా దొరికింది, తోట పటం మాత్రం లేదు.

మొఘల్ చార్‌బాగ్ అయితే బాటలు, నీటి కాలువలు తిన్నగా సాగి, మధ్యలో కలిసి, నేలను నాలుగు సమభాగాలు చేస్తాయి. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చుట్టూ ఇప్పటికీ అదే అమరిక. ఇంగ్లీషు పద్ధతిలో అయితే వంపు బాటలు, పచ్చిక, అక్కడక్కడా చెట్ల గుంపులు. ‘బాగ్’ అన్న మాట మొదటిదాన్నే తలపిస్తుంది. కానీ 1885 నాటి మన గంటస్తంభంలో ఐరోపా అభిరుచి చూశాక నా మనసు రెండోదాని వైపు మొగ్గుతోంది. ఊహించి గీయడం నాకు ఇష్టం లేదు.

ఇళ్లు రాకముందు ఫూల్‌బాగ్‌ను చూసినవారు, పాత ఫోటో ఉన్నవారు దయచేసి చెప్పండి: అక్కడి బాటలు తిన్నగా ఉండేవా, వంపులు తిరిగేవా?