లూటన్ ఒక్క సీజన్‌కే దిగిపోయింది: డబ్బు ఖర్చు పెట్టకపోవడం తప్పంటారా?

కౌంటర్‌అటాక్_కడప:

అందరికీ నమస్తే. మా రూమ్‌లో ఒక గొడవ వారం నుంచి తెగడం లేదు, ఇక్కడైనా తేలుతుందేమో అని పెడుతున్నా. విషయం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లూటన్ టౌన్ 2023-24 సీజన్. 2023 మే 27న వెంబ్లీలో కోవెంట్రీ మీద ప్రమోషన్ కోసం ఆడే ప్లే-ఆఫ్ ఫైనల్ 1-1తో ఆగి, పెనాల్టీల్లో 6-5తో గెలిచి ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చారు కదా. 1992 తర్వాత మళ్లీ టాప్ డివిజన్ చూడటం అదే మొదటిసారి, అసలు ప్రీమియర్ లీగ్ అనే పేరుతో ఆడటమే మొదటిసారి. ఏడాది తిరక్కుండానే కిందికి. 38 మ్యాచ్‌ల్లో 6 గెలుపులు, 8 డ్రాలు, 26 పాయింట్లు, 18వ స్థానం (20 టీమ్‌లలో చివరి మూడు దిగిపోతాయి).

మా రూమ్మేట్ వాదన ఏంటంటే, లూటన్ వాళ్లు పిసినారులు, పైకి వచ్చిన క్లబ్‌కి టీవీ డబ్బే 100 మిలియన్ పౌండ్ల పైన వస్తుంది, దాంతో నలుగురు మంచి డిఫెండర్లను కొనకుండా దాచుకున్నారు, అనుభవించారు అని. వాడు బాగా ఖర్చు పెట్టి నిలబడ్డ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అభిమాని, కాబట్టి అలాగే అంటాడు లెండి. నేనేమో ఉన్నంతలో కాపురం చేశారు, అందులో తప్పేముంది అంటున్నా. కానీ నిజం చెప్పాలంటే నాకూ ఒక సంగతి అర్థం కావడం లేదు. లూటన్ ఆ సీజన్‌లో 52 గోల్స్ కొట్టింది. ఎవర్టన్ కొట్టినవి 40, ఫారెస్ట్ 49, 14వ స్థానంలో హాయిగా కూర్చున్న వుల్వ్స్ కూడా 50 మాత్రమే. గోల్స్ కొట్టడం వచ్చిన టీమ్ ఎందుకు దిగిపోయింది? నిజంగా డబ్బేనా కారణం, ఇంకేమైనా ఉందా? మ్యాచ్‌లు పూర్తిగా చూసినవాళ్లు చెప్పండి, హైలైట్స్ చూసి చెప్పేవాళ్లు మా రూమ్‌లోనే ముగ్గురున్నారు.

ఆఫ్‌సైడ్_ఆంజనేయులు:

తమ్ముడూ, సగం లెక్కే రాశావు. ఇచ్చిన గోల్స్ 85. అక్కడే ఉంది కథంతా. ఎవర్టన్ 40 మాత్రమే కొట్టినా, ఇచ్చింది 51. అందుకే ఖర్చు నిబంధనలు దాటినందుకు 8 పాయింట్లు కోత పడ్డా 40 పాయింట్లతో గట్టెక్కింది.

ఇంకోటి, లూటన్ సీజన్‌ని ఒకే ముక్కగా చూడకు, రెండు ముక్కలు చెయ్యి. ఫిబ్రవరి 3న న్యూకాసిల్‌లో 4-4 డ్రా అయ్యే నాటికి 22 మ్యాచ్‌ల్లో 20 పాయింట్లు ఉన్నాయి, రెలిగేషన్ (కిందికి దిగిపోయే) జోన్ బయట ఉన్నారు. దానికి నాలుగు రోజుల ముందే బ్రైటన్‌ని 4-0తో ఉతికారు, స్ట్రైకర్ అడెబాయో హ్యాట్రిక్. సీజన్ మొదటి రోజు ఇదే బ్రైటన్ చేతిలో 4-1తో తన్నులు తిన్నవాళ్లు! ఆ వారంలో లూటన్ ఉంటుందని నేనే బల్ల గుద్ది చెప్పేవాడిని. ఆ తర్వాత 16 మ్యాచ్‌ల్లో వచ్చింది 6 పాయింట్లు. ఆరంటే ఆరే.

ఏమైందంటే గాయాలు. అడెబాయోకి తొడ కండరం పట్టేసింది, డిఫెన్స్‌లో ఓషో, బర్క్ వంతులవారీగా బెంచ్ మీద కూడా కనిపించడం మానేశారు. కోచ్ రాబ్ ఎడ్వర్డ్స్ ఆడించిన ఆట కూడా అలాంటిది. వెనక ముగ్గురు, మైదానమంతా మనిషికి మనిషి, ఎదుటి టీమ్‌లో ఎవరు ఎటు వెళ్తే వీళ్లూ అటే. మధ్యలో బార్‌క్లీ బాల్ పట్టుకుని ముందుకు నడిపిస్తాడు, ఎడమ పక్క నుంచి డౌటీ క్రాస్ వేస్తాడు, మధ్యలో మోరిస్, అడెబాయో తలకాయలు. చూడటానికి పండగే. కానీ ఒక్కడు అడుగు వెనకపడితే వెనకాల మొత్తం ఖాళీ. 70వ నిమిషం దాటాక కాళ్లు బరువెక్కాయంటే ఇక అంతే సంగతులు.

డిసెంబర్ 5 ఆర్సెనల్ మ్యాచ్ చూడు. ఒకసారి వెనకబడి సమం చేశారు, మళ్లీ వెనకబడి మళ్లీ సమం చేశారు, బార్‌క్లీ గోల్‌తో 3-2 ముందుకెళ్లారు. మూడు నిమిషాల్లో ఆర్సెనల్ ఆటగాడు హావర్ట్జ్ 3-3 చేశాడు. డ్రా అయినా గొప్పే అనుకుంటుంటే 97వ నిమిషంలో రైస్ తల పెట్టాడు, 3-4. నవంబర్‌లో లివర్‌పూల్ మీద కూడా ఇంతే, మన చాంగ్ 80వ నిమిషంలో కొడితే వాళ్ల డియాజ్ 95లో సమం చేశాడు. నోటికాడి ముద్ద జారిపోవడం వీళ్లకి అలవాటైపోయింది. డబ్బు ఉంటే బెంచ్ మీద ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు అంటే ఒప్పుకుంటా. కానీ నలుగురు డిఫెండర్లని కొంటే సరిపోయేది అనేది మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఆట తీరే అలాంటిది. ఆ తీరు వల్లే 52 గోల్స్ కూడా వచ్చాయి మరి.

బెడ్‌ఫర్డ్‌షైర్_బ్యాచ్:

లూటన్‌లో మాస్టర్స్ చేసినవాడిని, మన తెలుగువాళ్లు అక్కడ బోలెడంత మంది, ఎవరిని అడిగినా చెప్తారు. ఆంజనేయులు గారు ఆట గురించి చెప్పింది కరెక్టే, నేను ఊరి సంగతి చెప్తా, ఎందుకంటే "పిసినారులు" అన్న మాట ఆ స్టేడియం చూసినవాడి నోట రాదు.

కెనిల్‌వర్త్ రోడ్ అంటే బరీ పార్క్ అనే చోట, హలాల్ షాపులు, స్వీట్ షాపులు, చీరల కొట్ల మధ్య ఉంటుంది. 1905 నుంచీ అక్కడే. ఓక్ రోడ్‌లో నడుస్తుంటే వరుసగా అతుక్కున్న చిన్న ఇళ్లు, కిటికీకి తెర, గుమ్మం ముందు చెత్త డబ్బా, ఆ వరుసలోనే ఒకచోట ఇంటి గుమ్మం ఉండాల్సిన చోట టర్న్‌స్టైల్స్ (తిరిగే గేట్లు) ఉంటాయి. బయటి ఊరి అభిమానులు అందులోంచి దూరి, ఇనుప మెట్లెక్కి, ఎవరివో పెరళ్ల మీదుగా స్టాండ్‌లోకి పోవాలి. కింద తీగ మీద బట్టలు ఆరేసి ఉంటాయి, పిల్లల సైకిల్ పడి ఉంటుంది. మాంచెస్టర్ సిటీ, ఆర్సెనల్ అభిమానులు కూడా అలాగే పోయారు. టికెట్ దొరకడం మన వల్ల కాదు, లోపల సీట్లు పన్నెండు వేల దాకానే. గోల్ పడితే మాత్రం నాలుగు వీధుల అవతలికి వినిపించేది, మేం ఫోన్‌లో స్కోరు చూసుకునేలోపే తెలిసిపోయేది.

ఆ స్టేడియాన్ని ప్రీమియర్ లీగ్ నిబంధనలకి సరిపడా చేయడానికే దాదాపు 10 మిలియన్ పౌండ్లు పెట్టారు. లైట్లు, కెమెరాలకు చోటు, విలేకరులకు గది, ఒక పక్క స్టాండ్‌ని మొత్తం పీకి కట్టారు. అది టైంకి పూర్తికాక బర్న్‌లీతో జరగాల్సిన మొదటి హోమ్ మ్యాచే వాయిదా పడింది.

ఇక ఖర్చుకి ఎందుకు భయపడతారంటే, 2008-09లో ఈ క్లబ్ నాలుగో డివిజన్‌లో మైనస్ 30 పాయింట్లతో సీజన్ మొదలుపెట్టింది. పాత యాజమాన్యాల హయాంలో జరిగిన ఏజెంట్ల చెల్లింపుల గోల్‌మాల్‌కి 10, అప్పులపాలై దివాలా ప్రక్రియ నుంచి సరిగా బయటికి రానందుకు 20. మైనస్ 30తో ఎవడు బతుకుతాడు? లీగ్ నుంచే బయటికి పోయారు, అయిదేళ్లు నాన్-లీగ్‌లో (నాలుగు డివిజన్ల కింద, అయిదో అంచెలో) ఆడి 2014లో తిరిగొచ్చారు. ఆ దివాలా సమయంలో క్లబ్‌ని తీసుకున్నది అభిమానుల బృందమే, ప్రీమియర్ లీగ్ సీజన్ నాటికీ వాళ్లే ఉన్నారు. రడక్ ఎంపాంజు అని మిడ్‌ఫీల్డర్ ఆ నాన్-లీగ్ రోజుల్లో చేరి, అదే క్లబ్‌తో అయిదో అంచె నుంచి ప్రీమియర్ లీగ్ దాకా ఆడాడు. అంతకుముందు ఎవరూ చేయలేదు ఆ పని. ఒకసారి అప్పు చేసి పప్పు కూడు తిని వీధిన పడ్డ క్లబ్ అది. టీవీ డబ్బు చూడగానే ఎగబడతారని ఎలా అనుకుంటాం? పవర్ కోర్ట్ అనే చోట 25,000 సీట్ల కొత్త స్టేడియం కట్టాలన్నది వాళ్ల ఏళ్లనాటి ఆశ, ముందు దానికే కదా చూసుకుంటారు.

ట్రెంట్‌సైడ్_తిరుపతి:

ఆ ఫారెస్ట్ రూమ్మేట్‌కి ఇక్కడొక తోడు :)

సెంటిమెంట్ బాగుంది బ్రదర్, కాదనను. కానీ పాయింట్ల పట్టికకి సెంటిమెంట్ తెలీదు. ఫారెస్ట్ 23 ఏళ్ల తర్వాత 2022లో పైకి వచ్చింది, ఒక్క వేసవిలో ఇరవై మందికి పైగా కొత్తవాళ్లని తెచ్చింది, అందరూ నవ్వారు, డ్రెస్సింగ్ రూమ్‌లో పేర్లు గుర్తుపెట్టుకోవడానికే నెల పడుతుందని జోకులేశారు. 38 పాయింట్లతో 16వ స్థానం, బతికింది. తర్వాతి ఏడాది నష్టాల హద్దుని 34.5 మిలియన్ పౌండ్ల మేర దాటిందని 4 పాయింట్లు కోశారు, అయినా 32తో 17వ స్థానం, అప్పుడూ బతికింది. ఎవరి నెత్తిన కాలు పెట్టి బతికింది? లూటన్ నెత్తినే. ఆ మరుసటి ఏడాది 7వ స్థానం, యూరప్ టోర్నీకి టికెట్. తాడో పేడో తేల్చుకున్నవాడికే దక్కింది.

2025లో పైకొచ్చిన సండర్లాండ్‌ని చూడండి, మిడ్‌ఫీల్డర్ జాకాతో సహా ఒక కొత్త టీమ్‌నే తెచ్చుకుంది, మొదటి కొన్ని నెలలు టాప్ ఫోర్ చుట్టుపక్కల తిరిగింది. మరి పొదుపు చేసిన లూటన్‌కి ఆ పొదుపు ఏం పెట్టింది? 2024-25లో చాంపియన్‌షిప్‌లో (రెండో డివిజన్) కూడా నిలబడలేదు. ఎడ్వర్డ్స్ జనవరిలో వెళ్లిపోయాడు, చివరి రోజు వెస్ట్ బ్రోమ్‌లో 5-3తో ఓడి లీగ్ వన్‌కి జారింది. ప్రీమియర్ లీగ్ నుంచి ఏడాదిలో మూడో డివిజన్! ఇది జాగ్రత్త అంటారా?

కౌంటర్‌అటాక్_కడప:

మా వాడికి చూపిస్తే ట్రెంట్‌సైడ్ గారికి టీ ఇప్పిస్తానంటున్నాడు. సరే కానీ, మరి బర్న్‌లీ? అదే 2023-24లో లూటన్‌తో పాటే పైకొచ్చి, విన్సెంట్ కంపనీ కోచ్‌గా, లూటన్ కంటే చాలా ఎక్కువ ఖర్చు పెట్టి, చివరికి 24 పాయింట్లు. లూటన్ కంటే రెండు తక్కువ! షెఫీల్డ్ యునైటెడ్ అయితే 16. ఖర్చు పెడితే బతికేస్తారనుకుంటే బర్న్‌లీ ఎందుకు పోయింది?

ఆఫ్‌సైడ్_ఆంజనేయులు:

మంచి పట్టు పట్టావు. ఆ ఏడు పైకొచ్చిన ముగ్గురూ దిగిపోయారు, 1997-98లో బోల్టన్, బార్న్‌స్లీ, క్రిస్టల్ ప్యాలెస్ తర్వాత మళ్లీ అదే. ఆ మరుసటి ఏడు కూడా లెస్టర్ 25, ఇప్స్‌విచ్ 22, సౌతాంప్టన్ 12, ముగ్గురూ అవుట్. ఇప్స్‌విచ్ ఏమీ పిసినారితనం చేయలేదు, బాగానే కొన్నది. అంటే కింద డివిజన్‌కి, పైదానికి మధ్య ఎడం పెరిగిపోయింది. ఖర్చు పెట్టినా పోతున్నారు, పెట్టకపోయినా పోతున్నారు. పోయాక ఖజానాలో ఏం మిగిలింది అన్నదే తేడా.

ట్రెంట్‌సైడ్ బ్రదర్ చెప్పిన రెండో ఏడాది సంగతి మాత్రం కాదనలేను. నా దృష్టిలో లూటన్ అసలు తప్పు అక్కడ జరిగింది, ప్రీమియర్ లీగ్‌లో కాదు. బార్‌క్లీ ఆస్టన్ విల్లాకి పోయాడు, ఆగ్బెనె ఇప్స్‌విచ్‌కి పోయాడు, గాయాల బెడద అలాగే ఉంది, వరుసగా ఓడటం అలవాటైన టీమ్‌తోనే సీజన్ మొదలుపెట్టారు. దిగిపోయిన క్లబ్‌కి ప్యారాచూట్ డబ్బు (దెబ్బ తట్టుకోవడానికి లీగ్ ఇచ్చేది) వస్తుంది, చాంపియన్‌షిప్‌లో చాలామంది కంటే వాళ్ల దగ్గరే ఎక్కువ ఉండి ఉంటుంది. అప్పుడు టీమ్‌ని మార్చాల్సింది.

ఇంకొక్కటి, మార్చి 13 బోర్న్‌మత్ మ్యాచ్ ఎవరూ ఎత్తలేదు. డిసెంబర్ 16న అదే మైదానంలో 59వ నిమిషంలో కెప్టెన్ లాకియర్ గుండె ఆగి కుప్పకూలాడు. ప్లే-ఆఫ్ ఫైనల్‌లో కూడా పడిపోయిన మనిషే. ఎడ్వర్డ్స్ మైదానంలోకి పరిగెత్తడం, ఆటగాళ్లు ఎటు చూడాలో తెలీక నిలబడిపోవడం నేను లైవ్‌లో చూశాను. బతికాడు, అది చాలు. మ్యాచ్ ఆపేశారు, 1-1 మీద ఉండగా. మార్చిలో మొదటి నుంచి ఆడించారు. హాఫ్ టైంకి లూటన్ 3-0. చివరికి 4-3 ఓటమి. మూడు పాయింట్లు చేతిలోకి వచ్చి పోయాయి, అక్కడి నుంచి మిగిలింది దింపుడు కళ్లం ఆశే. దానికి డబ్బుతో సంబంధం లేదు, వాళ్లలో ఇంక శక్తి లేదంతే.

దక్కన్_డ్రిబుల్:

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మన దగ్గర ఈ చర్చ చేసుకునే అదృష్టం కూడా లేదు. మన హైదరాబాద్ శ్రీనిధి దక్కన్ ఐ-లీగ్‌లో (అప్పటి మన దేశపు రెండో అంచె) 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. మొదటిసారి పంజాబ్, రెండోసారి మొహమ్మదన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)కి ఎక్కాయి, మనం అజీజ్ నగర్‌లోనే ఉండిపోయాం. ఎక్కిన మొహమ్మదన్ 2024-25లో 24 మ్యాచ్‌ల్లో 2 గెలుపులు, 13 పాయింట్లు, అట్టడుగు. జీతాలు అందలేదన్న గొడవతో కోచ్ చెర్నిషోవ్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. అప్పుడు అక్కడ రెలిగేషన్ లేదు కాబట్టి ఉన్నచోటే ఉన్నారు. నూట ముప్పై ఏళ్లు దాటిన క్లబ్‌కే ఆ గతి పట్టిందంటే, లూటన్ వాళ్లు జీతాలు టైంకి ఇచ్చి దిగిపోవడం నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు.

ట్రెంట్‌సైడ్_తిరుపతి:

జీతాలివ్వడం కనీస బాధ్యత బ్రదర్, దానికి కప్పు ఇవ్వరు. బర్న్‌లీ విషయంలో మాత్రం ఒప్పుకుంటా, కుర్రాళ్లని కొన్నది, పైగా చాంపియన్‌షిప్‌లో ఆడిన ఆటే ఇక్కడా ఆడతానని పట్టుబట్టింది. ఖర్చు పెట్టడం వేరు, తెలివిగా పెట్టడం వేరు. బ్రెంట్‌ఫర్డ్ 2021-22లో పెద్దగా ఊడ్చిపెట్టకుండానే 46 పాయింట్లతో 13వ స్థానం తెచ్చుకుంది, జనవరిలో మిడ్‌ఫీల్డర్ ఎరిక్సన్‌ని తెచ్చుకోవడం ఒక్కటే చాలు. లూటన్ జనవరిలో అలాంటి ఒక్క మనిషిని తెచ్చినా నేను నోరు మూసుకునేవాడిని.

కౌంటర్‌అటాక్_కడప:

అందరికీ థాంక్స్. ఈ శనివారం రూమ్‌లో ఒక పూర్తి మ్యాచ్ పెడదామనుకుంటున్నాం, ఏది పెట్టమంటారు? ఆర్సెనల్ 3-4 ఆ, న్యూకాసిల్ 4-4 ఆ?

బెడ్‌ఫర్డ్‌షైర్_బ్యాచ్:

ఆర్సెనల్‌దే పెట్టు. 3-2 అయినప్పుడు సౌండ్ పెంచు, 90 దాటాక కట్టేయ్.