శ పలికితే స వినబడుతోంది: లోపం నాలుకదా, స్పీకర్లదా?

రాయగడ నుంచి:
ఒడిశాలో ఉన్న మా ఊరి తెలుగు పిల్లల చేత పద్యాలు చదివించి రికార్డు చేస్తున్నాం. ఎదురుగా కూచుని వింటే పిల్లాడి ‘శశి’ శుభ్రంగానే ఉంటోంది. స్పీకర్లలో పెడితే ‘ససి’ అయిపోతోంది. హైదరాబాదు మిత్రులు ‘ఒడియా యాస’ అని తేల్చేశారు. కొత్త స్టూడియో మానిటర్లు, అంటే రికార్డింగును ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్లు, కొందామంటే ఒక డబ్బా మీద 38 హెర్ట్జ్ (సెకనుకు 38 కంపనాలు) నుంచి అని, ఇంకోదాని మీద 50 నుంచి అని ఉంది. 38దే మంచిదంటారా?

బరంపురం నుంచి:
మాస్టారూ, హైదరాబాదు వాళ్ల మాటను ఊరికే కొట్టిపారేయలేం. ఒడియాలో శ, ష, స మూడూ రాస్తారు గానీ నోట మూడూ స గానే వస్తాయి. ఒడియా బడిలో చదివే మన పిల్లలకు ఆ అలవాటు పట్టడం వింతేం కాదు. కానీ ఎదురుగా శుభ్రంగా ఉందంటున్నారే, మెలిక అక్కడుంది.

స పలికినప్పుడు వచ్చే బుసలో బలమంతా దాదాపు 5 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. శ, ష ల బుస అంతకంటే కిందనే, 2, 3 కిలోహెర్ట్జ్ నుంచే అందుకుంటుంది. మీ స్పీకరు 3 దగ్గర గొంతు నొక్కి, 7, 8 దగ్గర ఎగదోస్తోందనుకోండి, శ కాస్తా స వైపు జారుతుంది. పాత ల్యాండ్‌లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే పోనిచ్చేది. అందుకే అవతలివాళ్లకు స, ఫ తేడా తెలీక ‘సీతలో సీ’ అని విడమరిచి చెప్పాల్సొచ్చేది. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటే ఇదే: లోపలికి వెళ్లినదాన్ని ఎక్కడ ఎత్తి, ఎక్కడ దించి వినిపిస్తుందో ఆ లెక్క.

డబ్బా మీది అంకెలు రెండు కొసలే చెబుతాయి. పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్’ అని, అంటే ధ్వని బలం అంతకు మించి ఎగుడుదిగుడు కాదని, ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ 38 దగ్గర ధ్వని 10 డెసిబెల్స్ పడిపోయి ఉండొచ్చు, అంటే చెవికి దాదాపు సగం. అయినా పద్యానికి 38 ఎందుకండీ? మగగొంతే 100 హెర్ట్జ్ అటూఇటూ, పిల్లలది ఇంకా పైన. ఆ గొడవ డప్పులూ డోళ్లూ రికార్డు చేసేవాళ్లది. మీరు ఆ రెస్పాన్స్ గ్రాఫు అడిగి, 2 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య గీత ఎంత సాఫీగా పోతోందో చూడండి. నిలువు గళ్లు పెద్దవి వేసి గతుకుల్ని కనబడనివ్వని తెలివితేటలూ ఉంటాయి, జాగ్రత్త.

పర్లాకిమిడి నుంచి:
గ్రాఫు ఎంత బాగున్నా గది చెడగొడుతుంది బాబూ. 10 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని గూడు కట్టుకుంటుంది, అంటే ఆ స్వరం అటూఇటూ తగిలి గదిలోనే ఉబ్బిపోతుంది. స్పీకర్లను గోడకు ఆనిస్తే కింది స్వరం ఉబ్బి హల్లుల్ని మింగేస్తుంది. ట్వీటరు, అంటే స్పీకర్లో పై స్వరాలు పలికే చిన్న భాగం, చెవి ఎత్తున, చెవి వైపే చూస్తూ ఉండాలి. పక్కకు జరిగి వింటే ముందు సన్నగిల్లేది ఆ పై బుసే. మా ఊళ్లో గిడుగు రామమూర్తిగారు సవరల నోటినుంచి నేరుగా విని వాళ్ల భాష నేర్చుకున్నారు. మధ్యలో స్పీకరూ లేదు, ఈ తలనొప్పీ లేదు.

బరంపురం నుంచి:
కొనేలోపు ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే ధ్వనిలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే బొమ్మ, తెరవండి, ఉచితమే. బుస ఎక్కడ మొదలైందో కంటికే కనబడుతుంది. అందులో స్పీకరు ప్రమేయం ఉండదు. మైకుది మాత్రం ఉంటుంది.

రాయగడ నుంచి:
చూశానండీ. ‘శశి’ చదివిన పిల్లాడిది 3 దగ్గర్నుంచే అందుకుంటోంది, వాడి నాలుకకు వంక పెట్టనక్కర్లేదు. వాడి తమ్ముడిది మాత్రం అచ్చమైన స, తెర మీదా స్పీకర్లోనూ. మానిటర్లు ఇంకా కొనలేదు. షాపతన్ని గ్రాఫు అడిగితే మళ్లీ డబ్బానే తిప్పి చూపించాడు.