ఘాట్ రేసుకు ముందు ఎక్కుడు ఎంతో చెప్పాలా, దాచాలా?

కడప_ఘాట్‌రోడ్:
గువ్వలచెరువు ఘాట్ లాంటి దారిలో 10 కి.మీ. రేసు అనుకోండి. కొత్తవాళ్లకు మిట్ట ఎంతుందో చెబితే భయంతోనే కాళ్లు పట్టేస్తాయి. చెప్పకపోవడమే మేలని నా వాదన. మన కన్ను వాలును మామూలుగానే పెంచి చూస్తుంది. 5 డిగ్రీల వాలును జనం 20 దాకా అంచనా వేస్తారని అమెరికాలో ప్రాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1995లోనే చూపించింది. అలిసిపోతే అది ఇంకా నిటారుగా కనిపిస్తుంది.

అనంత_రన్నర్:
అన్నా, చెప్పాలనడానికి అదే కారణం. కన్ను 20 అంటున్నప్పుడు అసలు 5 అని తెలిస్తేనే ధైర్యం. 2005లో బాడెన్, నోక్స్ అనే పరిశోధకుల బృందం 16 మంది రన్నర్లకు 10 నిమిషాలే అని చెప్పి ట్రెడ్‌మిల్ ఎక్కించింది. పదో నిమిషంలో ఇంకో 10 ఉందన్నారు. స్పీడు అదే, గుండె వేగంలోనూ తేడా లేదు. ఐనా ఎంత కష్టంగా ఉందో వాళ్లు చెప్పే అంకె మరుసటి నిమిషంలోనే పెరిగింది. ఇదే చివరి మలుపు అనుకున్నోడికి ఇంకో మలుపు కనిపిస్తే జరిగేది అదే.

కడప_ఘాట్‌రోడ్:
అదే ప్రయోగంలో టైమ్ ఏమీ చెప్పకుండా పరిగెత్తించినప్పుడు ఆక్సిజన్ తక్కువ వాడారు కదా తమ్ముడూ? తెలియకపోతే ఒళ్లే పొదుపు చేసుకుంటుంది.

అనంత_రన్నర్:
అక్కడ స్పీడు మిషన్ చేతిలో ఉందన్నా. రోడ్డు మీద పొదుపంటే స్పీడు తగ్గించడమే.

కర్నూలు_కోచ్:
వాలును శాతాల్లో (100 మీటర్లకు ఎన్ని మీటర్లు ఎక్కుతామో) చెబితే ఎవరికీ ఎక్కదు, పేస్‌లోకి, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో మార్చి చెప్పండి. వాలు మీద పరుగుకు ఎంత శక్తి ఖర్చవుతుందో మినెట్టి అనే పరిశోధకుడి బృందం 2002లో ఇచ్చిన లెక్కను బట్టి, ఫ్లాట్‌లో కిలోమీటరు 5 నిమిషాల్లో పరిగెత్తేవాడికి అంతే శ్రమతో 5 శాతం ఎక్కుడులో సుమారు 6:30, 10 శాతంలో 8:15 పడుతుంది. ఇది తెలియనోడు వాచ్‌లో 8 చూసి కంగారుపడి 6కి లాగుతాడు. కాసేపటికే ఊపిరి చాలదు, ఇక నడకే. మలుపుల్లో వాచ్ చూపే పేస్ ఎటూ నిలకడగా ఉండదు. మిట్ట మీద ఆ స్క్రీన్ మార్చేసి, చిన్న అడుగులతో, రెండు మూడు మాటలు పలకగలిగే శ్రమలో ఉండమనండి.

దిగుడంటే విశ్రాంతి అనుకోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా చేటు చేసే అంచనా. ఊపిరికి సులువే, కానీ ప్రతి అడుగులో తొడ కండరం సాగుతూనే బ్రేకు వేస్తుంది. కింద ఫ్లాట్‌కు వచ్చేసరికి కాళ్లలో పట్టుండదు. రేసుకు రెండు వారాల ముందు ఒకసారి దిగుడు ప్రాక్టీసు చేయిస్తే ఆ దెబ్బ బాగా తగ్గుతుంది.

కడప_ఘాట్‌రోడ్:
పేస్ లెక్క ఒప్పుకుంటా సార్. కానీ మొదటిసారి పరిగెత్తేవాడికి మొత్తం మ్యాప్ ముందు రోజు రాత్రి చూపిస్తే నిద్ర పట్టదు. ఆ విషయంలో నా మాట మారదు.

కర్నూలు_కోచ్:
రాత్రి వద్దు, వారం ముందే బండి మీద దారంతా తిప్పండి. మలుపులు వాడితోనే లెక్కపెట్టించి, ఏ మలుపు దాటాక మిట్ట అయిపోతుందో అక్కడి రాయో చెట్టో గుర్తు పెట్టుకోమనండి.