బయోకెమిస్ట్రీని బట్టీ పట్టకుండా చదివినవారు ఎలా చదివారో చెప్పగలరా?

పానగల్ గట్టు:
అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. పదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలోనే చదివాను. అనాటమీలో ఎముకను చేతిలోకి తీసుకుని చూడవచ్చు, ఫిజియాలజీలో పక్కవారి నాడి పట్టి చూడవచ్చు, కానీ బయోకెమిస్ట్రీలో కంటికి ఆనేది ఏదీ నాకు దొరకడం లేదు. కణం గ్లూకోజును విరగ్గొట్టే గ్లైకాలిసిస్‌లోని పది మెట్లను రాత్రంతా రాసి రాసి నేర్చుకుంటే, తెల్లవారేసరికి ఆరో మెట్టు దగ్గర తెగిపోతున్నది. మొదటి ఇంటర్నల్ పరీక్షలో తప్పాను. బాపుకు ఇంకా చెప్పలేదు. ఇదే దారిలో నడిచి గట్టెక్కినవారు మీ అనుభవం రాస్తే నాకు మేలు చేసినవారవుతారు.

పాలమూరు ల్యాబు:
చెల్లెమ్మా, నేను మెడికల్ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి పన్నెండేళ్లుగా మహబూబ్‌నగర్‌లో ల్యాబు పని చేస్తున్నాను. నేను కూడా ఆ పది మెట్లను బట్టీ పట్టే పాసయ్యాను. అవి నాకు అర్థమైంది మాత్రం ఉద్యోగంలో చేరాక, ఒక తప్పు చేసిన తరువాత.

చక్కెర పరీక్షకు రక్తం తీసే బూడిద రంగు మూత ట్యూబును మీరు చూసే ఉంటారు. దాని అడుగున తెల్లని పొడి ఉంటుంది, అది సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్ కలిసిన పొడి. ఆక్సలేట్ కాల్షియంను పట్టేసి రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. రక్తకణాలు ట్యూబులోకి వచ్చాక కూడా బతికే ఉండి గ్లూకోజును తింటూనే ఉంటాయి కాబట్టి, మామూలు గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తగ్గిపోతుంది. ఫ్లోరైడ్ చేసే పని ఆ తిండిని ఆపడం. ఎక్కడ ఆపుతుందంటే, మీరు రాసి రాసి మరిచిపోతున్న ఆ పది మెట్లలో తొమ్మిదో మెట్టు దగ్గర, ఈనోలేజ్ అనే ఎంజైమును పట్టుకుని ఆపుతుంది. పైన ఉన్న మెట్లు ఇంకొంతసేపు నడుస్తూనే ఉంటాయి కాబట్టి మొదటి గంటలో గ్లూకోజు కొంత తగ్గనే తగ్గుతుంది. అందుకే ఫ్లోరైడ్ ట్యూబు అయినా సరే, సాంపిల్‌ను ఆలస్యం చేయకుండా తిప్పి, కణాలు లేని ద్రవమైన ప్లాస్మాను వేరు చేయాలని మేము పట్టుబడతాము.

ఇక నేను చేసిన తప్పు సంగతి. కొత్తగా చేరిన రోజుల్లో ఒక రోగికి తీసిన సీరం (గడ్డ కట్టిన రక్తం నుంచి తేరిన ద్రవం) చాలకపోతే, అదే రోగి బూడిద ట్యూబులో మిగిలిన ప్లాస్మాతో యూరియా, పొటాషియం పరీక్షలు పెట్టాను. యూరియా దాదాపు లేనట్టు వచ్చింది, పొటాషియం మనిషి బతికి ఉండలేనంత ఎక్కువగా వచ్చింది. మా సీనియర్ ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, ఏమీ అనకుండా ట్యూబు మీది చీటీని చదవమన్నారు. యూరియా పరీక్షలో వాడే యూరియేజ్ కూడా ఎంజైమే, దాన్నీ ఫ్లోరైడ్ చంపేసింది. పొటాషియం ఆక్సలేట్‌లోని పొటాషియంను నేను రోగి పొటాషియంగా లెక్కగట్టాను. రిపోర్టు బయటికి పోకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఎంజైము నిరోధం అనే అధ్యాయాన్ని ఆ రోజు తరువాత నేను మళ్లీ తెరవవలసిన అవసరం రాలేదు.

మర్రిగూడ బిడ్డ:
అన్న రాసినది చదివి నా మాట కూడా చెప్పాలనిపించింది. మాది ఫ్లోరైడ్ నీళ్లున్న మర్రిగూడ మండలం. మా తాత నడుము వంగి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిరిగి చూసేవాడు. మా ఊరి బావి నీళ్లలో ఉన్నదీ, ఆ బూడిద ట్యూబులో ఉన్నదీ ఒకటే ఫ్లోరైడ్ అని డిగ్రీ రెండో ఏడాదిలో తెలిసినప్పుడు నేను క్లాసులో కదలలేకపోయాను. ఆ సాయంత్రమే పుస్తకంలో ఈనోలేజ్ పేజీ తీసి, 2-ఫాస్ఫోగ్లిసరేట్ నుంచి ఒక నీటి అణువు బయటికి పోతే ఫాస్ఫోఈనోల్‌పైరువేట్ అవుతుందన్నది నాలుగుసార్లు చదివాను. మా తాత ఒంట్లో ఆగిపోయింది ఈ మెట్టేనని అనుకున్నాను. అప్పటి నుంచి ఆ మెట్టు నాకు మరపు రాలేదు.

దేవరకొండ దారి:
నేను బయోకెమిస్ట్రీలో ఎండీ చేస్తున్నాను. మర్రిగూడ చెల్లె గుర్తు పెట్టుకున్న దారి మంచిదే, కానీ అందులో ఒక పొరపాటు ఉన్నది, వైవాలో (నోటి పరీక్షలో) అది చెబితే పట్టుకుంటారు కాబట్టి సరిదిద్దుతున్నాను. ఆ ట్యూబులో మిల్లీలీటరు రక్తానికి సుమారు 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే లీటరుకు లెక్కిస్తే వెయ్యి మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్. తాగేనీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు. నీళ్ల ద్వారా రక్తంలోకి చేరే ఫ్లోరైడ్ ట్యూబులోని మోతాదుకు దరిదాపుల్లోకి కూడా రాదు. కాబట్టి తాతగారి నడుము వంగడానికి ఈనోలేజ్ కారణం కాదు.

కారణం ఎముకలో ఉన్నది. ఎముక ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉన్న చోట ఫ్లోరైడ్ కూర్చుంటుంది. అట్లా తయారైన ఫ్లోరపటైట్ మామూలు ఖనిజం కన్నా తేలికగా కరగదు. అది ఏళ్ల తరబడి పేరుకుంటే ఎముక చిక్కబడుతుంది గానీ గట్టితనం పోయి పెళుసవుతుంది, కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లలో కూడా కాల్షియం చేరి వెన్నెముక ఒక్క కట్టెలాగా బిగుసుకుపోతుంది. తాతగారు మెడ తిప్పలేకపోయింది అందుకే. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇది ఇంకా వేరుగా కనిపిస్తుంది: ఫ్లోరోసిస్ ఉన్న చోట్ల మోకాళ్లు లోపలికి వంగడం, ఎముక పలుచబడడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తరకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. మన జిల్లా పేరు ప్రపంచం పుస్తకాల్లోకి ఎక్కిన కారణం ఇది. ఇక్కడ చదివే మనం ఎముక ఖనిజం పాఠాన్ని ఇంకెవరికన్నా బాగా చదవాలని నేను నిజంగా నమ్ముతాను.

మర్రిగూడ బిడ్డ:
సరిదిద్దినందుకు కృతజ్ఞతలు సార్. ఇన్నేళ్లూ తప్పుగానే అనుకున్నాను. తాత మెడ సంగతి ఇప్పుడు అర్థమైంది.

కొల్లాపూర్ రేవు:
పానగల్ గట్టు గారూ, ప్రాక్టికల్స్ గురించి ఒక్కటే చెబుతాను. చక్కెరను గుర్తించే బెనెడిక్ట్ పరీక్షలో నీలం నుంచి ఇటుక ఎరుపు దాకా వచ్చే రంగులను అందరూ నేర్చుకుంటారు, కానీ సుక్రోజు ఎందుకు రంగు మార్చదో అడిగితే ఆగిపోతారు. మాది తాళ్లు ఎక్కే ఇల్లు. తెల్లవారుజామున దింపిన నీరాలో ఎక్కువగా ఉండేది సుక్రోజే, అందులో గ్లూకోజు, ఫ్రక్టోజుల క్షయకరణ (రిడక్షన్) చేసే కొసలు రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి బెనెడిక్ట్‌కు అందవు. ఎండ ఎక్కేకొద్దీ ఈస్టులోని ఇన్వర్టేజ్ ఆ ముడిని విప్పుతుంది, తరువాత గ్లూకోజు పైరువేట్ అవుతుంది, పైరువేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అసిటాల్డిహైడ్, దాని నుంచి ఆల్కహాల్. కుండ మీద పొంగే నురుగు ఆ కార్బన్ డయాక్సైడే. ఈస్టు ఇంత శ్రమ పడేది ఆరో మెట్టులో హైడ్రోజన్‌ను అందుకునే ఎన్‌ఏడీ అనే సహాయక అణువును తిరిగి సంపాదించడానికి, లేకపోతే మీకు తెగిపోతున్న ఆ ఆరో మెట్టు దగ్గరే దాని గ్లైకాలిసిస్ కూడా ఆగిపోతుంది. పరుగెత్తేవాడి కండరంలో లాక్టేట్ తయారయ్యేదీ ఇదే అవసరానికి. నా వైవాలో ఈ ప్రశ్నే వచ్చింది, నేను మా నాయన మోకు, కుండ తలచుకుని జవాబు చెప్పాను.

పాలమూరు ల్యాబు:
తెలుగు మాధ్యమం గురించి చెల్లె అడిగింది కాబట్టి ఇంకొక మాట. పేర్లన్నీ ఇంగ్లిషులోనే ఉండనివ్వండి, పరీక్ష వాటిలోనే రాయాలి. కానీ ఎందుకు అనే దానికి జవాబును మాత్రం నోటు పుస్తకంలో తెలుగులో రాసుకోండి. నేను ఇప్పటికీ అట్లాగే రాసుకుంటాను. ఈ శాస్త్రంలో మనవారి పేరు కూడా ఉన్నది: భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేట్ మాలిబ్డేట్‌తో కలిసి క్షయకరణ చెందితే నీలిరంగు వస్తుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతి చేతిలో ఉన్నందువల్లనే తరువాత వారికి కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ దొరికాయి.

పానగల్ గట్టు:
మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరు చెప్పినట్టు ఒక్కొక్క మెట్టు దగ్గర ఇక్కడ ఆగితే ఏమవుతుంది అని తెలుగులో రాసుకుంటూ పోయాను. ఆరో మెట్టు ఇప్పుడు తెగడం లేదు, ఎన్‌ఏడీ అక్కడ ఖర్చవుతుందని రాసుకున్నాను. బాపుకు కూడా చెప్పాను, ఏమీ కోప్పడలేదు. మరొక సందేహం: ఫ్లోరోసిస్ ఉన్నవారిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుందని మేడమ్ చెప్పారు. అదే ఎంజైము కామెర్లలో కూడా పెరుగుతుందంటే, ఎముకదో కాలేయానిదో ఎట్లా తేల్చాలి?

దేవరకొండ దారి:
ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టు కణాలు ఆ ఎంజైమును విడుదల చేస్తాయి. ఫ్లోరైడ్ ఆ కణాలను ఎక్కువగా పని చేయిస్తుంది కాబట్టి అది పెరుగుతుంది. పక్కనే కాలేయపు ఎంజైము అయిన జీజీటీ పరీక్ష పెట్టి చూడాలి, అది కూడా పెరిగితే కాలేయం వైపు, పెరగకపోతే ఎముక వైపు చూడాలి. ఎదిగే పిల్లల్లో ఈ ఎంజైము సహజంగానే ఎక్కువగా ఉంటుందని మరవకండి, వయసు చూడకుండా రిపోర్టు చదవకూడదు.

పాలమూరు ల్యాబు:
దీనికీ ట్యూబు చూసుకోవాలి చెల్లెమ్మా. ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో ఈ పరీక్షకు రక్తం పంపితే, ఎంజైముకు కావలసిన జింకు, మెగ్నీషియంలను ఈడీటీఏ లాగేసుకుంటుంది. ఎముక జబ్బు ఉన్న మనిషికి కూడా రీడింగు పడిపోతుంది, కాల్షియం కూడా తక్కువ చూపిస్తుంది. ఎర్ర మూత ట్యూబులో తీసి, గడ్డ కట్టనిచ్చి, సీరంతో చేయాలి.