కెమికల్ సెకండియర్: రీసైకిల్, పర్జ్ లెక్కలు ఎట్ల పట్టుకోవాలె?

హన్మకొండ_సెకండియర్:
ప్రాసెస్ క్యాలిక్యులేషన్స్‌ల సాదా బ్యాలెన్స్ లెక్కలు వస్తున్నయి. రీసైకిల్ (రియాక్ట్ కాని గ్యాసును మళ్ల లోపలికి తిప్పుడు), పర్జ్ (అండ్లకెల్లి కొంత బయటికి వదులుడు) రాంగనే తెలియని విలువలు ఎక్కువైపోయి ఎక్కడ మొదలుపెట్టాల్నో అర్థమైతలేదు. ఇంటర్నల్‌కు వారమే ఉంది.

గోదావరిఖని_బాయిలర్:
తమ్మీ, బొమ్మ గీసినంక మొత్తం ప్లాంటు చుట్టూ ఒక డబ్బా గియ్యి. రీసైకిల్ ఆ డబ్బా లోపల్నే తిరుగుతది, గీత దాటదు. అందుకే మొదటి లెక్కల దాని ఊసే రాదు. రియాక్టర్ కాడ మొదలుపెడితేనే ఇరుక్కునేది.

అమోనియా తీస్కో. తాజా ఫీడ్ గంటకు 100 కిలోమోల్: నైట్రోజన్ 24.75, హైడ్రోజన్ 74.25, ఆర్గాన్ మీథేన్ కలిపి 1 (వీటినే ఇనర్ట్ అంటరు). రీసైకిల్ గ్యాసుల ఇనర్ట్ 10 శాతం, ఒక్క పాస్‌కు కన్వర్షన్ (రియాక్టర్ల నుంచి ఒక్కసారి పోతే రియాక్ట్ అయ్యే వంతు) 20 శాతం ఇచ్చిండనుకో. అమోనియా అంతా ద్రవమై దిగిపోతది, ఇనర్ట్ అండ్ల కరగదు అని పెట్టుకో.

ఇనర్ట్ రియాక్ట్ కాదు. అది బయటపడే తొవ్వ పర్జ్ ఒక్కటే. పర్జ్ రీసైకిల్ గ్యాసులకెల్లే తీసేది, అండ్ల కూడా ఇనర్ట్ 10 శాతమే. 0.10 × పర్జ్ = 1, కాబట్టి పర్జ్ 10. అండ్ల ఇనర్ట్ 1 తీసేస్తే 9, నైట్రోజన్ 2.25, హైడ్రోజన్ 6.75. అంటే రియాక్ట్ అయిన నైట్రోజన్ 22.5; ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్ కలిస్తే రెండు అమోనియా, కాబట్టి అమోనియా 45 కిలోమోల్, అనగా 765 కిలోలు. ఇంతదాక 20 శాతాన్ని ముట్టుకోనేలేదు, చూసినవా?

గిప్పుడు రియాక్టర్ డబ్బా. 22.5 ÷ 0.20 = 112.5 నైట్రోజన్ లోపలికి పోవాలె. తాజాగా వచ్చేది 24.75, మిగతా 87.75 రీసైకిల్‌ది. దానికి మూడింతలు హైడ్రోజన్ కలిపితే 351, ఇది 90 శాతం కాబట్టి మొత్తం రీసైకిల్ 390 కిలోమోల్. ఫీడ్‌కు దాదాపు నాలుగింతలు.

కాజీపేట_జంక్షన్:
పైన చెప్పిన లెక్కను సరిచూసుకునే తీరు కూడా రాయాలె. ఇనర్ట్ వదిలేసి బరువులు కూడుకోండి. లోపలికి 693 + 148.5 = 841.5 కిలోలు. బయటికి అమోనియా 765, పర్జ్‌ల 76.5. సరిపోయింది. మోల్స్ మాత్రం సరిపోవు: 100 పోతే 55 వస్తయి, ఎందుకంటే నాలుగు మోల్స్ రెండైతున్నయి. రియాక్షన్ ఉన్న కాడ మొత్తం మోల్స్ బ్యాలెన్స్ రాస్తే మార్కులు అక్కడ్నే పోతయి. ఇంకొకటి, ప్రశ్నల 'కన్వర్షన్' అని ఒట్టిగా ఉంటే ఏది అడిగిండో చూడుండ్రి. ఈ లెక్కలనే ఒక్క పాస్‌ది 20 శాతం, మొత్తం ప్లాంటుది 90.9.

హన్మకొండ_సెకండియర్:
ఇప్పుడు తొవ్వ దొరికిందన్నా. ఒక డౌటు: పర్జ్ తగ్గిస్తే హైడ్రోజన్ తక్కువ పోతది గదా, మరి ఎందుకు తగ్గించరు?

గోదావరిఖని_బాయిలర్:
చేసి చూడు. ఇనర్ట్‌ను 15 శాతం దాక పోనిస్తే పర్జ్ 6.67, అమోనియా 46.67. లాభమే. కానీ రీసైకిల్ 432.5 అయితది, కంప్రెసర్ అంత గ్యాసును తిప్పాలె. పైగా ఇనర్ట్ పెరిగితే నైట్రోజన్, హైడ్రోజన్‌ల పార్షియల్ ప్రెజర్ పడిపోతది, ఆ 20 శాతం కన్వర్షన్ కూడా నిలవదు. అందుకే నడిమధ్యన ఒక కాడ ఆపుతరు. చానా ప్లాంట్లల్ల పర్జ్‌ను ఊరికే కాల్చకుంట హైడ్రోజన్ వెనక్కి తీస్కుంటరు.

ములుగురోడ్_ల్యాబ్:
లెక్కలు చేసేటోళ్లు మన రామగుండం ఎరువుల కర్మాగారం అంకెలతోటి కూడా ఒకటి చేసుకోండి. రోజుకు 2200 టన్నుల అమోనియా, 3850 టన్నుల యూరియా దాని డిజైన్ సామర్థ్యం. 60 కిలోల యూరియాకు 34 కిలోల అమోనియా, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలె. 3850 టన్నులకు అమోనియా 2182, కార్బన్ డయాక్సైడ్ 2823 టన్నులు. రెండు యూనిట్లు ఒకదానికొకటి ఎంత కొలిచి కట్టిండ్రో ఆ 2182 చూస్తే తెలుస్తది. ట్రెయినింగ్‌కు ఎక్కడికి పోయినా ఫ్లో షీట్ అడుగుండ్రి, ఒక్క లైన్ పట్టుకొని చివరిదాక నడువుండ్రి. కంట్రోల్ రూం ఫొటోల కన్న అదే నయం.

హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్ కూడా ఇదే సెమిస్టర్‌ల ఉన్నోళ్లకు ఒక మాట. వేడి నీళ్లు 70 నుంచి 50కి, చల్లటివి 30 నుంచి 42కి అనుకోండి. కౌంటర్ ఫ్లోల (రెండు నీళ్లు ఎదురెదురుగ పారితే) రెండు కొసల టెంపరేచర్ తేడాలు 28, 20. వాటి లాగ్ మీన్, అంటే తేడాల తేడాను వాటి నిష్పత్తి ఎల్‌ఎన్‌తోటి భాగిస్తే వచ్చే సగటు, 23.8. క్యాలిక్యులేటర్ల 'ఎల్‌ఎన్' బదులు 'లాగ్' నొక్కితే 54.7 వస్తది. సగటు రెండు తేడాల నడుమనే ఉండాలె, బయటికి పోయిందంటే బటన్ తప్పే. అవే టెంపరేచర్లకు పారలల్ ఫ్లోల (రెండు ఒక్క దిక్కే పారితే) 19.9 వస్తది. అయిదేసి నిమిషాలకు మూడు రీడింగులు ఒక్కతీరు వచ్చేదాక రాయకుండ్రి. వేడి నీళ్లు పోగొట్టుకున్న వేడి, చల్లటివి తీసుకున్న వేడి మరీ దూరంగ ఉంటే, స్టెడీ స్టేట్ (రీడింగులు మారకుంట నిలబడుడు) రాకముందే రాసిండ్రనో, రోటామీటర్ (ఫ్లో చూపే మీటర్) తప్పు చూపిస్తుందనో అనుకోవాలె. బకెట్, స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి ఫ్లో కొలిస్తే రోటామీటర్ సంగతి తేలిపోతది.

కాజీపేట_జంక్షన్:
బకెట్‌ను నిండా పట్టకుండ్రి, 5 లీటర్ల గీత దాక చాలు. అంచు మీంచి పొర్లితే టైం పట్టుకోవుడు కష్టం.