మన ఐటీ కంపెనీలు గెలిచింది పనితోనా, చవకతోనా?

గోదారిగట్టు:
మొన్న మా మేనల్లుడికి క్యాంపస్‌లో ఆఫర్ వచ్చింది. వేరే కంపెనీల ఐటీ పని చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీయే, పేరెందుకులెండి. ఏడాదికి 3.6 లక్షలు. లెటర్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఎందుకంటే 2011లో నేను చేరినప్పుడు నాకిచ్చింది 3.25. అప్పట్లో కూకట్‌పల్లిలో ముగ్గురం కలిసి డబుల్ బెడ్‌రూమ్ తొమ్మిది వేలకి తీసుకున్నాం. ఇప్పుడు అదే వీధిలో వీడు చూసొచ్చిన హాస్టల్లో ఒక్క మంచానికి తొమ్మిది వేలు.

అందుకే మన ఐటీ ప్రపంచాన్ని ఢీకొడుతోంది అని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. టీసీఎస్ 2024-25 ఆదాయం 30 బిలియన్ డాలర్లు, మనుషులు ఆరు లక్షల పైచిలుకు, అంటే తలకి సుమారు 50 వేల డాలర్లు. మైక్రోసాఫ్ట్ 2024లో 245 బిలియన్లు, 2.28 లక్షల మంది, తలకి పది లక్షల డాలర్లు దాటింది. మనవాళ్ల ఆదాయం పెరగాలంటే ముందు జనం పెరగాలి. పాలమూరులో గుంపు మేస్త్రీ చేసేదీ ఇదేగా, మనుషుల్ని పోగేసి పనికి తోలడం, మధ్యలో తన వాటా తీసుకోవడం. ఏసీ ఒక్కటే తేడా.

కోబాల్ బాబాయ్:
తమ్ముడూ, పోలికే తప్పు. మైక్రోసాఫ్ట్‌తో మనవాళ్లు ఎప్పుడు పోటీపడ్డారు? వాళ్ల పోటీ మనలాగే పక్క కంపెనీల ఐటీ పని కాంట్రాక్టుకి తీసుకునే ఈడీఎస్, సీఎస్‌సీ, పెరో సిస్టమ్స్, ఐబీఎం సర్వీసెస్, యాక్సెంచర్‌తో. వాళ్లేమయ్యారో చూడు. రాస్ పెరో 1962లో పెట్టిన ఈడీఎస్ ఈ వ్యాపారానికే తాతలాంటిది, 2008లో హెచ్‌పీ చేతికి పోయింది. పెరో సిస్టమ్స్‌ని 2009లో డెల్ కొని, కొన్నాళ్లకి ఎన్‌టీటీ డేటాకి అమ్మేసింది. సీఎస్‌సీ 2017లో డీఎక్స్‌సీలో కలిసిపోయింది. ఐబీఎం 2021లో ఇన్‌ఫ్రా సర్వీసుల (సర్వర్లు, నెట్‌వర్కులు నడిపే పని) ముక్కకి కిండ్రిల్ అని పేరు పెట్టి వేరు కాపురం పెట్టించింది. గట్టిగా నిలబడింది యాక్సెంచర్, అదీ మన దారికొచ్చి. దానికున్న ఏడు లక్షల డెబ్బై వేల మందిలో మూడు లక్షలకి పైగా ఇక్కడే ఉన్నారు. అంత పెద్ద కంపెనీ మన పద్ధతి నేర్చుకోడానికి మన ఊరే వచ్చిందంటే పోటీ లేకుండానే వచ్చిందా?

చవక తలుపు తీసిందంటే ఒప్పుకుంటా. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, వైటూకే (2000లో కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న గొడవ) పుణ్యమా అని విమానం ఎక్కినవాణ్ణే నేను. కానీ తలుపు తీశాక లోపల ఉండనిచ్చింది వేరే. 2006లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి కేటీ తీసుకోడానికి, అంటే అక్కడివాళ్ల పని నేర్చుకుని మన చేతిలోకి తీసుకోడానికి వెళ్లాను. అవతల అరవై దాటిన పెద్దాయన. రాత్రి బ్యాచ్‌లో (వరసగా నడిచే ప్రోగ్రాముల్లో) ఏ జాబ్ అబెండ్ అయితే, అంటే మధ్యలో ఆగిపోతే, ఏం చెయ్యాలి, నెలాఖర్లో ఏ ఫైల్ ఆలస్యమైతే ఎవరికి ఫోన్ కొట్టాలి, అంతా ఆయన బుర్రలోనూ ఒక స్పైరల్ పుస్తకంలోనూ ఉంది. ఆరు వారాలు పక్కన కూర్చుని ఆ పుస్తకం మొత్తం లాగాను, హైదరాబాద్‌లో టీమ్ దాన్ని 140 పేజీల రన్‌బుక్‌గా చేసింది. ఆ తర్వాత అక్కడ రాత్రి రెండింటికి జాబ్ పడిపోతే, ఇక్కడ మధ్యాహ్నం లంచ్‌కి లేచే ముందు, చేరి నాలుగు నెలలు కాని పిల్లాడు ఆ డాక్యుమెంట్ చూసి రీస్టార్ట్ చేసేవాడు. మనం అమ్మింది అదీ. ఆఖరి రోజు పెద్దాయన పుస్తకం నాకే ఇచ్చేశాడు. ఆయన ఉద్యోగం ఎటు పోతోందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం మాట్లాడలేదు.

మైత్రీవనం బ్యాచ్:
బాబాయ్, మీరు చెప్పింది విని కళ్లు చెమర్చాయి గానీ అది గోదారిగట్టు వాదనే కదా. మీరు చేసిందల్లా పక్కవాడి సిస్టమ్‌ని పడిపోకుండా పట్టుకోవడం. సొంతది ఏదీ? మంచి ప్రొడక్ట్ ఒకటి పుడితే దాన్నీ ఉంచుకోలేదు. ఐ-ఫ్లెక్స్ కంపెనీ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్లెక్స్‌క్యూబ్‌ని ప్రపంచమంతా బ్యాంకులు వాడాయి, 2005లో సిటీ గ్రూప్ తన వాటాని ఒరాకిల్‌కి అమ్మేసింది, అయిపోయింది. అలాంటి బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్లే ఇన్ఫోసిస్‌కి ఫినకిల్, టీసీఎస్‌కి బ్యాంక్స్ (BaNCS) ఉన్నాయి, కాదనను, కానీ కంపెనీ మొత్తం ఆదాయంలో అవెంత? జోహో 1996లో మొదలై బయటి పెట్టుబడి లేకుండా ప్రొడక్ట్ మీదే బతికింది. చెయ్యగలం అని తేలాక కూడా చెయ్యకపోవడాన్ని ఏమనాలి?

నైట్‌షిఫ్ట్ నాగమణి:
అందరూ జీతం గురించీ పోటీ గురించీ ఒకే ఊపిరిలో మాట్లాడుతున్నారు, అవి రెండూ వేరు వేరు. ఒకసారి మా మేనేజర్ పొరపాటున బిల్లింగ్ ఎక్సెల్ షీట్ టీమ్ మొత్తానికి మెయిల్ చేశాడు. పది నిమిషాల్లో రీకాల్ చేశాడు గానీ పది నిమిషాలు చాలు కదా. నా సీటుకి క్లయింట్ ఇచ్చేది గంటకి 28 డాలర్లు. నా చేతికొచ్చేది అప్పటికి గంటకి మూడున్నర డాలర్లు కూడా లేదు. ఆఫీసు అద్దె, క్యాబ్, ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద కూర్చున్నవాళ్ల ఖర్చు, ఆన్‌సైట్‌లో (క్లయింట్ దగ్గర) ఉన్నవాళ్ల జీతం అన్నీ అందులోంచే పోవాలని తెలుసు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇదంతా పిరమిడ్ లెక్క అండీ. పైన ఒక మేనేజర్, మధ్యలో నలుగురు లీడ్లు, అడుగున ముప్పై మంది ఫ్రెషర్లు. అడుగు ఎంత వెడల్పుగా, ఎంత చవగ్గా ఉంటే కంపెనీకి మిగిలే మార్జిన్ అంత. టీసీఎస్ ఆపరేటింగ్ మార్జిన్ ఏళ్లుగా 24-25 శాతం దగ్గర ఉంటోంది, యాక్సెంచర్‌ది 15 చుట్టుపక్కల. పోటీలో ఓడేవాడికి అంత మార్జిన్ మిగలదు. కంపెనీలు గెలుస్తూనే ఉన్నాయి, ఆ గెలుపు మీ మేనల్లుడి దాకా రావట్లేదంతే. ఎలా వస్తుంది, మన రెండు రాష్ట్రాల్లో మండలానికో ఇంజినీరింగ్ కాలేజీ, ఫీజు రీయింబర్స్‌మెంట్, ఏటా లక్షల్లో పిల్లలు బయటికొస్తుంటే? 3.6 కి వాడు కాదంటే గేటు బయట ఇంకో పదిమంది ఉంటారు.

మోడరేటర్:
ఏ కాలేజీ బాగుందో, ఏ రాష్ట్రం వాళ్లు ముందో అనే కామెంట్లు ఆరు తీసేశాను. సబ్జెక్ట్ మీద ఉండండి.

గోదారిగట్టు:
నాగమణి గారూ, మార్జిన్ మాట ఒప్పుకున్నా. కానీ అందులో రూపాయి వాటా ఎంతో కూడా చూడాలి. 2004లో డాలర్ 45 రూపాయల దగ్గర, ఇప్పుడు 85 దాటింది. బిల్లు డాలర్లలో, జీతం రూపాయల్లో. ఏమీ చెయ్యకుండా కూర్చున్నా ఏటా కొంత ఊడిపడుతుంది. ఇంత మిగిలినప్పుడు పరిశోధన మీద ఎంత పెట్టారు? డివిడెండ్లు, బైబ్యాక్‌లు (కంపెనీ తన షేర్లు తనే కొనడం) మాత్రం టైముకి వస్తాయి. 2025 జులైలో టీసీఎస్ రెండు శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తీసేస్తామంది, అదీ ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్లని. ఇరవై ఏళ్ల అనుభవం కంపెనీకి బరువైందంటే మీరన్న పిరమిడ్‌లో పైకి ఎక్కడం కూడా ప్రమాదమే.

బాబాయ్ ఈడీఎస్ కథ మాత్రం నాకు తెలీదు, అది మంచి పాయింటే. అయినా నా మాట మీద నేనున్నా.

కోబాల్ బాబాయ్:
ఉండు, తప్పులేదు. నాకైతే ఎక్కువ భయం ఏఐ గురించి కాదు, రోడ్డు అవతలి గురించి. మా క్లయింట్ రెండేళ్ల క్రితం హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో సొంత జీసీసీ, అంటే తన పని తన ఉద్యోగులతోనే చేయించుకునే ఆఫీసు, పెట్టాడు. మధ్యలో మేమెందుకు, అదే హైదరాబాద్, అదే పిల్లలు, అదే టైమ్ జోన్, మా మార్జిన్ వాడికే మిగులుతుంది. మా టీమ్‌లో ఐదుగురు అటే వెళ్లారు, నలభై శాతం హైక్‌తో. గోదారిగట్టూ, మీ వాణ్ణి రెండేళ్లు పని నేర్చుకుని అటు చూడమను.

వచ్చే సోమవారం నుంచి కేటీ. ఈసారి ఇచ్చేది నేను. అవతల కూర్చునే అమ్మాయికి ఇరవై ఆరేళ్లు, మా గుంటూరే, బాబాయ్ గారూ అంటూ అప్పుడే రన్‌బుక్ లేటెస్ట్ వెర్షన్ పంపమని మెసేజ్ పెట్టింది. స్పైరల్ పుస్తకం ఇంకా నా డ్రాయర్లోనే ఉంది. అది కూడా ఇవ్వాలా అని ఆలోచిస్తున్నా.